నాగా కబురు

నా చిన్నప్పుడు మా ఇంట్లో తెల్లవారగానే వినిపించే మొదటి మాట, "ఇయ్యాల ఎవరు నాగా?" అన్నది. నాగా అంటే డ్యూటీకి పోకపోవడం. మా బాపు గోదావరిఖనిలో ఒక బొగ్గుబాయి దగ్గర బదిలీ ఫిల్లరు. పర్మనెంటు ఫిల్లర్లు లోపలికి దిగి టబ్బుల్లోకి బొగ్గు ఎత్తేవాళ్లు. వాళ్లలో ఎవరైనా రాకపోతే, ఆ రోజుకు ఆ చోటు గేటు దగ్గర నిలబడ్డ బదిలీవాళ్లలో ఒకరికి దొరికేది. అందరూ వస్తే బదిలీవాళ్లు సద్దిగిన్నె విప్పకుండానే ఇంటికి తిరిగొచ్చేవాళ్లు. అలా దొరికిన ఒక్కో రోజూ ఒక మస్టరు. ఏడాదిలో కావలసినన్ని మస్టర్లు పడితే పర్మనెంటు. పడకపోతే కొత్త ఏడాదికి మళ్లీ మొదటి నుంచి.

అందుకని ఇంకొకరి జ్వరం మాకు అన్నం. పెళ్లిళ్ల కాలం మాకు మంచి కాలం. పక్క వాడలో చావు డప్పు వినిపిస్తే మా అమ్మ ముందు "అయ్యో" అనేది, తర్వాత బాపుకు సద్ది కట్టేది. ఆ రెంటి మధ్యా ఆమె ఒక్క క్షణం ఆగేదేమో. నేను మాత్రం ఆగేవాణ్ణి కాదు. నాకు అప్పుడు తొమ్మిదేళ్లు. బడికి పోయే ముందు వాడంతా ఒక చుట్టు చుట్టి రావడం నా పని. ఎవరింట్లో దగ్గు వినిపిస్తోంది, ఎవరి గుమ్మం ముందు డ్యూటీ బూట్లు ఇంకా అలాగే ఉన్నాయి, ఎవరింటికి చుట్టాలు దిగారు, అన్నీ చూసొచ్చి చెప్పేవాణ్ణి. ఈ పని నాకెవరూ అప్పగించలేదు. నేను తెచ్చిన కబురు నిజమైన రోజున బాపు సాయంత్రం నల్లటి మొహంతో, తెల్లటి పళ్లతో నవ్వుతూ వచ్చేవాడు. ఆ నవ్వు కోసం నేనే మీద వేసుకున్నాను.

ఆ ఎండాకాలంలో ఉత్తరాది నుంచి రైలు దిగిన కొందరిని మా బాయిలో ఫిల్లర్లుగా పెట్టారు. బలమైన మనుషులు, మాట తక్కువ. వాళ్లు వచ్చాక మా ఇంట్లో అన్నం తగ్గిందని చెబితే అది అబద్ధం కాదు. కారణం వాళ్లు ఎక్కువ బొగ్గు ఎత్తడం కాదు. వాళ్లు నాగా పెట్టేవాళ్లు కాదు. మావాళ్లకు పెళ్లిళ్లుండేవి, తద్దినాలుండేవి, నాట్లకూ కోతలకూ సొంత ఊరికి పోవడం ఉండేది, జాతర ఉండేది. వాళ్లకు ఇక్కడ అవేవీ లేవు. చుట్టం లేనివాడికి నాగా ఎక్కడిది? పర్మనెంటు చోట్లు వాళ్లతో నిండేకొద్దీ, ఖాళీ పడే చోట్లు తగ్గిపోయాయి. గేటు దగ్గర బదిలీవాళ్ల గుంపు మాత్రం తగ్గలేదు.

మా ఎదురింటి మామ కూడా బదిలీ ఫిల్లరే. మా బాపును బావా అని పిలిచేవాడు. గేటు నుంచి ఉత్తచేతులతో వచ్చిన రోజు మా అరుగు మీద కూర్చుని, "ఈళ్లను ఇనుముతోని చేసిండ్రా ఏంది బావా? జరం సుత రాదాయె!" అని నవ్వించేవాడు. అందరూ నవ్వేవాళ్లు. ఆ నవ్వు చివర్లో ఎవరో ఒకరు ఉమ్మేవాళ్లు. ఆ ఉత్తరాదివాళ్లతో ఎవరూ మాట్లాడొద్దని మా వాడలో ఒక కట్టు పడింది. ఎవరూ కూర్చుని తీర్మానం చేయలేదు. ఎట్లా పడిందో అట్లా పడింది. నిప్పు అడిగితే ఇవ్వరు, దారి అడిగితే చెప్పరు.

వాళ్లలో ఒకాయన మా వరస చివరి రేకుల గదిలో ఒంటరిగా అద్దెకుండేవాడు. ముప్పై ఏళ్లుంటాయేమో. డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, రొట్టెలు కాల్చుకుని, గుమ్మం ముందు రాయి మీద కూర్చుని తినేవాడు. తిన్నాక కూడా చాలాసేపు అక్కడే కూర్చునేవాడు. పిల్లలం ఆడుతుంటే మా ఆట వైపు చూసేవాడు. బంతి ఆయన కాళ్ల దగ్గరికి దొర్లితే లేచి తెచ్చి ఇచ్చేవాడు. మేము తీసుకుని పరుగెత్తేవాళ్లం. నెలల తరబడి అక్కడున్నా ఆయన గొంతు ఎలా ఉంటుందో మా వరసలో చాలామందికి తెలియదు. నాకూ తెలియదు.

ఆ ఏడు చివరికొచ్చేసరికి బాపుకు ఇంకా నాలుగు మస్టర్లు కావాలి. మిగిలింది పదిహేను రోజులు. మామూలు కాలంలో అయితే అది పెద్ద మాట కాదు. ఆ ఏడాది మాత్రం బాపు ఆరు రోజులు వరసగా గేటు దాకా పోయి వెనక్కి వచ్చాడు. అమ్మ సద్ది కట్టడం మానలేదు. అదే సద్దిని మధ్యాహ్నం మేమే తినేవాళ్లం.

ఏడో రోజున ముసురు పట్టింది. చలికాలపు ముసురు, ఎముకలు కొరికేది. బడి కప్పు కురుస్తోందని పంతులుగారు మమ్మల్ని ఇంటికి పంపేశారు. నేను అలవాటు కొద్దీ వాడ మీద ఒక చుట్టు తిరిగాను. ఎవరింట్లోనూ దగ్గు లేదు. చివరి గది దగ్గరికి వచ్చేసరికి ఆ హిందీ ఆయన ఆ వారపు ఆఖరి రాత్రి షిఫ్టు నుంచి వచ్చి, చూరు కింద కుంపటి రాజేస్తున్నాడు. మర్నాటి నుంచి ఆయనది పొద్దుటి షిఫ్టు. ఒళ్లంతా తడిసి వణుకుతున్నాడు. జల్లు కొట్టి మంట సరిగా అంటుకోవడం లేదు.

బొగ్గుతో బతికే మా ఊళ్లో ప్రతి పిల్లవాడికీ ఒక సంగతి తెలుసు. పచ్చి బొగ్గు కుంపటిని బయటే ఉంచాలి. పొగ పోయి ఎర్రబడ్డా సరే, తలుపులు మూసిన గదిలో దాన్ని పెట్టుకుని పడుకోకూడదు. బొగ్గు గ్యాసు పట్టేస్తుంది. అంతకుముందు చలికాలంలో మా వెనక వీధిలో ఒక ఇంట్లో అలాగే కుంపటి లోపల పెట్టుకుని, ఫిల్లర్లయిన ఇద్దరన్నదమ్ములు వాంతులతో, తలనొప్పితో రెండు రోజులు లేవలేకపోయారు. ఆ రెండు రోజులూ బాపుకు డ్యూటీ దొరికింది.

ఆయనకు ఆ సంగతి తెలియదు. ఆయన ఊళ్లో పిడకలో, కట్టెలో కాలుస్తారేమో. ఎండాకాలంలో వచ్చినవాడు, ఇది ఆయనకు ఇక్కడ మొదటి చలి. చెప్పేవాళ్లెవరు? పొగ ఇంకా వస్తుండగానే కుంపటిని గుడ్డతో పట్టుకుని లోపలికి తీసుకుపోయాడు. చిన్న కిటికీకి గోనెసంచి కుక్కి ఉంది. తలుపు వేసుకునే ముందు నన్ను చూశాడు. చూసి నవ్వాడు. గడియ పడిన చప్పుడు విన్నాను.

ఆయన చచ్చిపోతాడని నేను అనుకోలేదు. ఈ మాట నాకు నేను చాలా ఏళ్లు చెప్పుకున్నాను. ఇప్పుడు ఈ వయసులో ఇంకొంచెం సరిగ్గా చెప్పాలి. అంతవరకు నేను ఆలోచన పోనివ్వలేదు. ఆ ఇద్దరన్నదమ్ముల దగ్గరే ఆపేశాను. రెండు నాగాలు. ఎక్కువైతే మూడు.

ఇంటికొచ్చేసరికి గేటు నుంచి తిరిగొచ్చిన బాపు దుప్పటి కప్పుకుని నిద్రపోతున్నాడు. లేపొద్దని అమ్మ సైగ చేసింది. నేను జొన్న గటక తాగాను. పలక తీసి ఏవో గీతలు గీశాను. చూరు నుంచి పడే చుక్కల కింద చెయ్యి పెట్టి ఆడుకున్నాను. ఎంతసేపో సరిగ్గా చెప్పలేను, గంటకు తక్కువ మాత్రం కాదు. నేను ఆదుర్దా పడలేదు. మంచి కబురు దాచుకున్న పిల్లవాడిలా కూర్చున్నాను. బాపు కళ్లు తెరవగానే దగ్గరికి పోయి చెప్పాను.

"బాపూ, రేపు ఒక నాగా పక్కా."

"ఎవలది?"

"ఆఖరి రూములో హిందాయనది."

"ఏమైంది ఆనికి? జరమొచ్చిందా?"

"ఇంక రాలే. వస్తది."

బాపు లేచి కూర్చున్నాడు. ఎలా తెలుసని అడిగాడు. నేను చెప్పాను, కుంపటి సంగతి, గోనెసంచి సంగతి, గడియ సంగతి. నేను ఎంత బాగా గమనించానో బాపుకు తెలియాలని ఏదీ వదలకుండా చెప్పాను. ఆయన నా మొహం వైపు ఒకసారి చూశాడు. ఆ చూపులో కోపం ఉండి ఉంటే బాగుండేది. తర్వాత చెప్పులు కూడా వేసుకోకుండా ఆ వానలో పరుగెత్తాడు.

బాపు తలుపు బాదుతుంటే వాడంతా గుమ్మాల్లోకి వచ్చింది. లోపలి నుంచి జవాబు లేదు. బాపు భుజంతో గుద్దాడు. ఎదురింటి మామ చేతులు కట్టుకుని తన చూరు కిందే నిలబడి, "ఏందే బావా, ఎన్నడు లేంది ఆనితోని ఏం పని పడ్డది?" అన్నాడు.

"గ్యాస్ పట్టిందిరా! జల్ది రా!"

మామ కదల్లేదు. నాలుగో దెబ్బకు గడియ ఊడింది. బాపు ముక్కుకు తువ్వాల కట్టుకుని లోపలికి పోయి, ఆయన చంకల కింద చేతులు వేసి గుమ్మం దాకా ఈడ్చుకొచ్చాడు. ఆ మనిషి తల వేలాడుతోంది. బాపు ఒక్కడి వల్ల కాలేదు. అప్పుడు మామ ఏదో తిట్టుకుంటూ వచ్చి కాళ్లవైపు పట్టాడు. ఇద్దరూ కలిసి వానలో పడుకోబెట్టారు. ఎవరో మొహాన నీళ్లు చల్లారు, వాన పడుతున్నా సరే. చాలాసేపటికి ఆయన ఒక్కసారి గట్టిగా గాలి పీల్చి కక్కుకున్నాడు. నేను మా గుమ్మంలో అమ్మ చీర కుచ్చెళ్లు పట్టుకుని నిలబడ్డాను. భయంతో పట్టుకున్నానని ఆమె అనుకుంది, నా తల నిమిరింది.

రిక్షాలో దవాఖానకు తీసుకుపోయారు. అక్కడ, ఈయన తాలూకు ఎవరని అడిగితే బాపు "నేనే" అన్నాడట. దగ్గర ఒక మనిషి ఉండాలన్నారు. బాపు ఉండిపోయాడు.

మర్నాడు గేటు దగ్గర ఆ ఖాళీకి బాపు పేరే పిలిచారు. బాపు లేడు. తర్వాత పేరు ఎదురింటి మామది. మూడు రోజులు అలాగే జరిగింది. మామ రెండో రోజు డ్యూటీ దిగి, ఆ నల్లటి ఒంటితోనే దవాఖానకు వచ్చాడు. నేను బాపుకు అన్నం తీసుకుపోయి అక్కడే ఉన్నాను. మామ మంచం వైపు చూడకుండా అన్నాడు.

"నీకేమన్న పిచ్చా బావా? నీ నోటికాడి బువ్వ గుంజుకున్నోనికి నువ్వు నీళ్లు తాపుతున్నవు. నీ మస్టరు నేను తింటున్న. నాకేమో సిగ్గయితున్నది."

"తిను. ఎవలో ఒకలు తినాలె గద" అన్నాడు బాపు. మంచం మీది దుప్పటి సర్ది, "ఆడు రోజూ డ్యూటీకి ఎందుకొస్తడ్రా? ఈడ ఆనికి ఎవలు లేకనే గద. ఎవలన్న చచ్చిపోతే నాగా పెడ్తడు, ఎవలదన్న లగ్గమైతే నాగా పెడ్తడు. ఎవలున్నరు?" అన్నాడు.

"ఇప్పుడు నువ్వయినవా చుట్టానివి?"

"అయిన మరి. నాగా పెట్టినగా."

మామ నవ్వబోయి ఆగిపోయాడు. పోతూ పోతూ తన సద్దిలో మిగిలిన రొట్టె మంచం పక్కన బల్ల మీద పెట్టి పోయాడు.

ఆ సాయంత్రమే మంచం మీది మనిషికి పూర్తిగా తెలివొచ్చింది. బాపు చెయ్యి పట్టుకుని హిందీలో ఏదో అన్నాడు. దవాఖానలో, అంగట్లో విన్న ఉర్దూతో బాపుకు అర్థమైంది. బాపు నన్ను భుజం పట్టి ముందుకు నెట్టాడు. "నేను కాదు. మా పిలగాడు చూసిండు. వాడు వచ్చి చెప్తేనే నేను ఉరికొచ్చిన" అన్నాడు.

ఆ మనిషి లేవబోయి లేవలేక, నా రెండు చేతులూ తీసుకుని కళ్లకు అద్దుకున్నాడు. "బేటా, బేటా" అన్నాడు. అదే ఆయన గొంతు నేను మొదటిసారి వినడం. నేను బాపు వైపు చూశాను. బాపు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

ఆ రాత్రి బాపు నన్ను ఇంట్లో దింపడానికి వస్తుంటే దారిలో నాకు ఏడుపు ఆగలేదు. ఎందుకట్ల చెప్పినవని అడిగాను.

"అబద్ధమా?" అన్నాడు బాపు. "నువ్వు చూడలేదా? నువ్వు చెప్పలేదా?"

నేను చొక్కా అంచుతో కళ్లు తుడుచుకున్నాను.

"ఏం అనుకుంట చెప్పినవో అది నాకు ఎరుక, నీకు ఎరుక. ఆయనకు చెప్పుడు నీ పని. ఎప్పుడు చెప్తవో నీ ఇష్టం" అన్నాడు. అంతే. నన్ను కొట్టలేదు. అమ్మకు చెప్పలేదు. బతికినంత కాలం మళ్లీ ఆ ఊసెత్తలేదు.

ఆ ఏడు ముగిసేసరికి బాపుకు రెండు మస్టర్లు తక్కువయ్యాయి. ఎదురింటి మామ పర్మనెంటు అయ్యాడు. బాపు ఇంకో ఏడాది గేటు దగ్గర నిలబడ్డాడు. ఆ ఏడాది మా ఇంట్లో ఎలా గడిచిందో అమ్మకు తెలుసు, తాకట్టుకు పోయిన ఆమె గాజులకు తెలుసు. నేను నాగాలు వెతకడం మానేశాను. ఎందుకు మానేశానని ఎవరూ అడగలేదు.

ఆ హిందీ ఆయన మాత్రం మా ఇంటి మనిషి అయిపోయాడు. తెలుగు నేర్చుకున్నాడు, మా యాసలోనే. ఊరికి పోయివచ్చిన ప్రతిసారీ నాకు నువ్వుల లడ్డూలు తెచ్చేవాడు. వాటిని నేను తినకుండా పిల్లలకు పంచేసేవాణ్ణి. మా నాయనమ్మ పోయినప్పుడు ఆయన డ్యూటీ మాని వచ్చి పాడెకు భుజం పట్టాడు. ఆ నాగాకు గేటు దగ్గర ఏ బదిలీవాడికి పని దొరికిందో తెలియదు. ఎవరు కొత్తగా పరిచయమైనా నన్ను చూపించి, "వీడు లేకపోతే నేను ఖతం" అనేవాడు. చెప్పాలని ఎన్నోసార్లు అనుకున్నాను. పెద్దయ్యాక చెబుదామనుకున్నాను. పెద్దయ్యాను, అదే బాయిలో పనిలో చేరాను. బాపు పోయిన తర్వాత చెబుదామనుకున్నాను. బాపు పోయాడు. అప్పుడు నిజం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను. ఇద్దరు మోసిన దాన్ని ఒక్కడే మోయడం ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

ఆయన పని విరమించి ఊరికి పోయే రోజున రామగుండం స్టేషనుకు నేనొక్కణ్ణే పోయాను, ఈసారి చెప్పి తీరాలని. రైలు వచ్చింది. ఆయన కిటికీ పక్కన కూర్చుని, ఎదురు సీటులోని ముక్కూమొహం తెలియని మనిషికి నా కథ మొదలుపెట్టాడు, చలికాలం, కుంపటి, పిల్లవాడు. నేను "కాకా, ఒక మాట" అన్నాను. ఆయన కిటికీ ఊచల్లోంచి చెయ్యి చాపి నా తల మీద పెట్టాడు. రైలు కదిలేదాకా తియ్యలేదు. ఆ మాట చెప్పకుండానే చెయ్యి ఊపాను.

ఇప్పుడు మా దగ్గర లోపలికి దిగే బాయిలు తగ్గాయి. నేల పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టుల్లో కాంట్రాక్టర్ల కింద బయటి రాష్ట్రాల పిల్లలు పనిచేస్తున్నారు. ఒక్కో గదిలో ఎనిమిదేసి మంది ఉంటున్నారు. వాళ్లు తక్కువకు ఒప్పుకుంటారు, సెలవడగరు, అందుకని మా పిల్లలకు పని లేదని టీకొట్టు దగ్గర అంటారు. నేనూ తలూపుతాను. ఆ మాట అబద్ధం కాదు. ఆ నష్టం ఎలా ఉంటుందో మా బాపుకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? తెలిసే ఆయన వానలోకి పరుగెత్తాడు. ఆ రెండో సంగతి టీకొట్టులో చెప్పడానికి నాకు ఇంతవరకు నోరు రాలేదు. చెబితే మిగతాది కూడా చెప్పాల్సి వస్తుంది. నా భార్య పోయాక ఇంట్లో నేనొక్కణ్ణే. డ్యూటీ లేదు, నాగా లేదు. చాలా రోజులు సాయంత్రం దాకా నా గొంతు నాకే వినిపించదు. చివరి గది ముందు రాయి మీద ఆయన అంతసేపు ఎందుకు కూర్చునేవాడో ఇప్పుడు తెలుస్తోంది.

అర్హత లేకుండా అందుకున్న ఆ దీవెన బరువు నా తల మీద ఇంకా అలాగే ఉంది. దాన్ని దించుకోవడానికే ఇదంతా రాశాను. ఆయన బతికి ఉన్నాడో లేదో తెలియదు. ఉన్నా, ఆయనకు తెలుగు మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. అది తెలుసు కాబట్టే ఇంత ధైర్యంగా రాయగలిగానేమోనని, రాస్తున్నంతసేపూ నా మీద నాకు అనుమానంగానే ఉంది.